ప్రతి సోమవారం ఐదువందలు

ఈ కథలో నేను కలిపిన మాట ఒక్కటి కూడా లేదు. నా నోట కల్పన రావడం, మా దర్జీ చెప్పిన రోజుకి చొక్కా ఇవ్వడం, రెండూ ఈ జన్మలో జరిగే పనులు కావు.

ఆ దర్జీ సంగతే చెబుతున్నాను. రెండేళ్ల కిందట కొట్టు కప్పు కారి, జనం కుట్టమని ఇచ్చిన బట్టలన్నీ తడిసి ఒకదాని రంగు ఒకటి పూసుకున్నాయి. అందరికీ నష్టం కట్టడానికి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చింది. అంటే, ఖాతాలో లేని డబ్బు యాభై వేల దాకా వాడుకోమంది. అప్పటి నుంచి వడ్డీతో సహా ప్రతి సోమవారం ఐదువందల చొప్పున తీరుస్తున్నాడు. భార్యతో మాత్రం "బ్యాంకులో వేసొస్తా" అనేవాడు. అబద్ధం కాదు. ఎందుకు వేస్తున్నాడో చెప్పలేదంతే.

అప్పు తీరిపోయే ఆఖరి సోమవారం పొద్దున్నే మోకాలు పట్టేసింది. ఏళ్ల తరబడి మిషను తొక్కిన కాలు.

"ఇవాళ్టికి నువ్వు వేసి రావే" అని ఐదువందలూ కార్డూ భార్య చేతికిచ్చాడు. ఆవిడ వచ్చాక అంతా చెప్పేసి, తేలిగ్గా పడుకుందామనుకున్నాడు. ఇకమీదట సోమవారం డబ్బుతో మోటారు మిషను కొనుక్కోవాలని ఆశ.

ఆవిడ డబ్బు కట్టి, గుమాస్తాని అడిగింది. "ఇందులోంచి మేం ఎంత తీసుకోవచ్చు బాబూ?"

"యాభై వేలమ్మా. ఎప్పుడైనా తీసుకోండి."

మధ్యాహ్నానికి గుమ్మం ముందు ట్రాలీ ఆగింది. దాంట్లో మోటారు మిషను, దాని పక్కన దర్జీ బావమరిది.

"ఇక మీరు తొక్కక్కర్లేదండీ" అంది ఆవిడ. "మిగిలినదాంతో మా తమ్ముడి సెలూన్‌కి కుర్చీ కొనిచ్చా."

"నువ్వు ఇంత లోతు మనిషివని తెలీదు బావా" అన్నాడు బావమరిది.

దర్జీ ఫోను కూడా మరిచి కుంటుకుంటూ బ్యాంకుకి వెళ్లి, "మా ఆవిడ పొరపాటున..." అని మొదలుపెట్టాడు. మేనేజరు పూర్తిగా విననే లేదు.

"నూరు సోమవారాలు పైనే, ఒక్కటీ తప్పలేదు. మీలాంటి వాళ్లకి యాభై వేలేమిటండీ, లక్ష వాడుకోండి" అని అక్కడికక్కడే పరిమితి పెంచేశాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య అతని ఫోను పట్టుకుని గుమ్మంలోనే ఉంది. "ఏవండీ, బ్యాంకు మెసేజ్ వచ్చింది, పొద్దున తీసిన యాభై వేలూ మళ్లీ వచ్చి పడ్డాయి."

"అయితే రెండో కుర్చీ..." అన్నాడు బావమరిది.

దర్జీ కొత్త మిషను మీద చేయి ఆనించి నిలబడి, కారిన కప్పు దగ్గర నుంచి మొత్తం చెప్పాడు. బావమరిది మధ్యలోనే జారుకున్నాడు.

"అంటే నేను తెచ్చింది మన డబ్బు కాదా?" అందావిడ.

"మన అప్పు."

ఆవిడ అతని ముఖంలోకి చూసి పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

సరే, ఒప్పుకుంటున్నాను, ఆ నవ్వు నేను కల్పించిందే. నవ్వలేదు సరికదా, తొమ్మిది రోజులు మాట్లాడలేదు. మధ్యలో వచ్చిన సోమవారం మాత్రం, వంటింటి డబ్బాలోంచి ఐదువందలు తీసి, మోటారు మిషను మీద పెట్టి వెళ్లింది.