బేస్‌మెంట్‌కి కాపలా కాసిన వీరాంజనేయులు

మా అల్లుడు వీరాంజనేయులుకి వీరత్వమంతా పేరులోనే ఉంది. బాత్రూంలో సాలీడు కనిపిస్తే ఆరేళ్ళ కూతురు వేదని కేకేస్తాడు. అలాంటివాడు తుపాకీ కొంటానన్నాడమ్మా!

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో మా అమ్మాయి శ్రీవిద్య ఇంటి బేస్‌మెంట్ నిండా ఆరు బస్తాల బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ. రేపెప్పుడో దేశం కుప్పకూలిపోతుందిట, కరెంటూ కొట్లూ ఉండవుట. పిచ్చివాడనుకోకండి. కరోనా రోజుల్లో చంటి వేదకి పాలడబ్బా కోసం నాలుగు కొట్లు తిరిగి, వట్టి చేతులతో వచ్చి, కార్లోనే కూర్చుని ఏడ్చాడు. ఆ భయం ఇంకా దిగలేదు.

"తిండి చాలు విద్యా, ఇక ఆయుధం కావాలి. తుపాకీ లేకుండా బియ్యం దాచడమంటే ఊరివాళ్ళ కోసం దాచడమే."

"బియ్యం లేకుండా తుపాకీ ఉంటే తూటాలు పోపేసుకుని తింటారా?"

"అందుకే రెండూ ఉండాలంటున్నా. బ్యాలెన్స్!"

"పిల్ల తిరిగే ఇంట్లోకి తుపాకీ వస్తే, నేనూ అమ్మా బయటికి పోతాం."

మధ్యలో నన్నెందుకు కలిపిందో! ఆ మంచులో నేనెక్కడికి పోను?

చివరికి పందెం వేసుకున్నారు. శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా ప్రపంచం కూలిపోయినట్టే లెక్క. బేస్‌మెంట్‌కి అల్లుడు కాపలా. ఒక్క గింజ బయటికి పోకపోతే తుపాకీ కొనుక్కోవచ్చు. పోతే జన్మలో ఆ మాట ఎత్తకూడదు. మా అమ్మాయి చటుక్కున ఒప్పుకుంది. కన్నదాన్ని కదా, అప్పుడే నాకు అల్లుడి మీద జాలేసింది.

శనివారం బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని మెట్ల కింద కుర్చీ వేసుకున్నాడు. ఉప్పెన వచ్చిన ఏడు మా అత్తగారు మాగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని అటకెక్కి కూర్చుంది, అచ్చం అలాగే.

మధ్యాహ్నమైంది. "విద్యా, అన్నం?"

"ప్రపంచం కూలిపోయిందండీ. స్టవ్ ఎక్కడిది?"

ఇంతలో పక్కవీధి కనకదుర్గ గిన్నెడు పులిహోరతో దిగింది. "డ్యూటీలో ఉన్నావట తమ్ముడూ, తిను." వేళ్ళు నాకి మరీ తిన్నాడు.

"గిన్నె ఇచ్చేస్తే వెళ్తాను."

ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగివ్వకూడదని, చిటికెడు పంచదారైనా వెయ్యాలని అల్లుడికి వాళ్ళమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. పంచదారేమో పైన వంటింట్లో ఉంది. కాపలా వదిలి ఎలా వెళ్తాడు? వెనక్కి తిరిగి గిన్నె నిండా కందిపప్పు పోసి ఇచ్చేశాడు.

"ఇదేం పని నాయనా?" అన్నాను.

"ఇది దోపిడీ కాదు అత్తయ్యగారూ, మర్యాద."

తర్వాత సుధ కుక్కర్ నిండా గారెలు తెచ్చింది. ఆ వెనకాలే జయంతి బిందెతో చారు తెచ్చింది. బిందెతో చారు తెచ్చే మనిషిని నా డెబ్భై ఏళ్ళలో అప్పుడే చూశాను. గిన్నె పెరిగేకొద్దీ మర్యాదా పెరిగింది. ఆఖరికి బ్యాట్ చంకలో ఇరికించుకుని బస్తాలు తనే మోసి, వాళ్ళ కార్లలో పెట్టాడు. "జాగ్రత్తగా వెళ్ళండి" అని చెయ్యి కూడా ఊపాడు.

ఆరింటికి మా అమ్మాయి కిందికి దిగింది. "దొంగలెవరైనా వచ్చారా?"

"నేనుండగానా!"

"మరి బియ్యమేదండీ?"

వెనక్కి తిరిగి చూసుకున్నాడు. రెండే బస్తాలున్నాయి.

"అందరికీ నేనే ఫోన్ చేశాను లెండి. తుపాకీ ఉండుంటే అది కూడా గిన్నెలో పెట్టి ఇచ్చేవారు."

పాపం, మొహం ఇంతయింది. "పోనీలే నాయనా," అన్నాను. "బియ్యం ఇక్కడే ఉంటే నువ్వొక్కడివే కాయాలి. ఇప్పుడు మూడిళ్ళవాళ్ళు కాస్తారు. రేపు మన వేద ఆకలేసి వాళ్ళ తలుపు కొడితే వట్టి చేతులతో పంపుతారా?"

కళ్ళు తుడుచుకున్నాడు. "పోనీ, ఒక చిన్న కత్తైనా..." అన్నాడు.

"ఉందిగా!" అని మా అమ్మాయి నా కత్తిపీట తెచ్చి ముందు పెట్టింది. "రాత్రికి బీరకాయ కూర. కానివ్వండి."

అల్లుడు ఆయుధం పట్టాడు. రెండో కాయకే వేలు తెగింది. బ్యాండేజీ డబ్బా కోసం బేస్‌మెంట్ అల్మారా అంతా వెతికితే లేదు. జయంతి బిందెలో బియ్యం పోశాక పైన కాస్త వెలితి కనిపిస్తే, దాన్ని కూడా అందులో పెట్టేశాట్ట.