లెక్కల మాస్టారి ముఖం

ఆ ఉదయం డ్రాయింగ్ మాస్టారి పథకం చాలా చిన్నది. ఏడో తరగతి పిల్లలకు అచ్చు వేయడం నేర్పాలి. అది చూపించి తన పీరియడ్ కాపాడుకోవాలి. ఆ పీరియడ్ మీద లెక్కల మాస్టారు ఎప్పటినుంచో కన్నేశాడు. క్లాసు చూసి ఏ సంగతో తేలుస్తానని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది.

రబ్బరు పలక మీద బొమ్మ చెక్కాలి, రోలర్‌తో సిరా పూయాలి, పైన కాగితం పెట్టి గట్టిగా నొక్కాలి. నొక్కడానికి బడిలో యంత్రం లేదు. అందుకని మాస్టారు ఒక ఉపాయం కనిపెట్టాడు: పలకను కుర్చీలో పెట్టి, పైన కాగితం పరిచి, దాని మీద కూర్చోవడమే.

పిల్లలు వంతులవారీగా కూర్చుని చేపలూ పిల్లులూ అచ్చు వేశారు. ముందు బెంచీ అమ్మాయి తన పలకకు సిరా పూసి, కుర్చీలో పెట్టి, కాగితం కోసం వెళ్లింది. ఆమె చెక్కింది లెక్కల మాస్టారి ముఖం, మీసంతో సహా.

మాస్టారు బీరువాలో తలదూర్చి కాగితాలు తీస్తుండగా హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. మీగడ రంగు కొత్త కోటుతో వచ్చి, ఖాళీగా కనిపించిన కుర్చీలో కూర్చుంది.

మాస్టారు వెనక్కి తిరిగేసరికి ఆవిడ పలక మీదే ఉంది.

“ఏం నేర్పుతున్నారు?” అంది ఆవిడ.

“నొక్కడం, మేడమ్.”

“దానికి ఒక పీరియడ్ కావాలా? రేపటినుంచి ఇది లెక్కలకి ఇచ్చేస్తున్నాను.” ఆవిడ లేచి బయలుదేరింది. కోటు వెనక, సరిగ్గా కూర్చునే చోట, లెక్కల మాస్టారు గుర్రుగా చూస్తున్నాడు.

డ్రాయింగ్ మాస్టారు ఆ ముఖం ఎవరికీ కనబడకుండా ఆవిడ వెనకే అంటుకుని నడిచాడు.

“ఎందుకండీ నా వెనకే వస్తున్నారు?”

“తలుపు వేద్దామని, మేడమ్.”

“తలుపు అక్కడే ఉండిపోయింది కదండీ.”

ఆవిడ డ్రాయింగ్ మాస్టారిని గుమ్మంలోనే ఆపేసి, పక్కనే లెక్కల క్లాసు జరుగుతున్న గదిలోకి వెళ్లి, కొత్త టైమ్‌టేబుల్ రాయడానికి బోర్డు వైపు తిరిగింది. క్లాసంతా గొల్లుమంది. లెక్కల మాస్టారికి తన ముఖం కనిపించింది. కానీ చెబితే ఎటు చూశాడో కూడా చెప్పాలి. అందుకని కిటికీలోంచి ఆకాశం చూడసాగాడు.

“ఎందుకర్రా నవ్వు?”

“మాస్టారు రెండు చోట్ల ఉన్నారు, మేడమ్,” అన్నాడొక కుర్రాడు.

ఆవిడ కోటు విప్పి చూసింది. ఒకసారి కోటు, ఒకసారి మాస్టారు, మళ్లీ కోటు.

“నా పోలికే కాదండీ,” అన్నాడు లెక్కల మాస్టారు.

“మీసం కొసతో సహా పడితేను! ఎవరి పని ఇది?”

డ్రాయింగ్ మాస్టారు సంగతంతా ఒప్పేసుకున్నాడు. ఒప్పుకుంటూనే అచ్చు చూసి మైమరచిపోయాడు. “పొద్దుటినుంచీ ఇంత సమంగా ఎవరూ కూర్చోలేదు, మేడమ్.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. తన ఉద్యోగం కూడా పోయిందనుకున్నాడు.

“ఉతికితే పోతుందా?”

“పోదండీ. నూనె సిరా.”

“ఒక్క ముఖమే ఉంటే మరక అంటారు. కోటంతా ఉంటే డిజైన్ అంటారు.” ఆవిడ బోర్డు తుడిచేసింది. “మొత్తం నింపాలి. మీ ఒక్క పీరియడ్ సరిపోతుందా?”

డ్రాయింగ్ మాస్టారు క్షణం కూడా ఆలోచించలేదు. “ఇంకొకటి కావాలి, మేడమ్.”

“లెక్కల్లోంచి తీసుకోండి.”

ఆ కోటు వేసుకున్న రోజుల్లో హెడ్‌మిస్ట్రెస్ అటు తిరిగినా పిల్లలు అల్లరి చేయరు. లెక్కల మాస్టారు చూస్తూనే ఉంటాడు.