మా టీవీలో కిటికీ

కొత్త టీవీ వచ్చిన మొదటి ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి, నేను మ్యాచ్ పెట్టుకుని వాలు కుర్చీలో కూర్చున్నాను. తెర మీద మా కిటికీ కనిపించింది. కిటికీ ఊచలు, ఊచల అవతల ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి, దుప్పటి పక్కన ఒక కాకి. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మ్యాచ్ మాత్రం వాటి వెనకాల ఎక్కడో జరుగుతోంది. బంతి కాకి మీదుగా వెళ్లినట్టనిపించింది. ఫోరన్నారు.

"బొమ్మ ఎలా ఉందండీ?" అంది మా ఆవిడ కుట్టుమిషన్ దగ్గర్నుంచి.

"బ్రహ్మాండం," అన్నాను. ఆ టీవీని ఏరి తెచ్చింది నేనే మరి. ఇంకో మాట అనడానికి లేదు.

షాపులో మూడు గంటలు నిలబడి ఏరాను. ఆ షాపుకి కిటికీలు లేవు. అక్కడ తెర మీద చిలక ఈకలు లెక్కపెట్టొచ్చు. నేను లెక్కపెట్టాను కూడా. ఆవిడ అప్పుడే అంది, "ఇక్కడ చీకటండీ. మనింట్లో పగలు వెలుతురుంటుంది. వెలుతుర్లో ఎలా కనిపిస్తుందో అడగండి."

నేను సర్వే ఆఫీసులో పాతికేళ్లుగా ఊరందరి పొలాలకీ గీతలు గీస్తున్నవాణ్ణి. "చూపు సంగతి నాకొదిలెయ్," అన్నాను. ఆవిడ వదిలేసింది. ఆవిడ అంత తేలిగ్గా వదిలేసినప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది.

మా హాలు సంగతి చెప్పాలి. ఒక గోడకి టీవీ. ఎదుటి గోడకి నడుమ వీధి తలుపు, తలుపుకి ఒక పక్క కిటికీ, కిటికీ దగ్గర ఆవిడ మిషన్. రెండో పక్క నా వాలు కుర్చీ. అందులో కూర్చుని నేను టీవీకేసి చూస్తే, టీవీ కిటికీకేసి చూస్తుంది.

కర్టెన్ లాగాను. ఆవిడ లేచి తీసేసింది. "సూదిలో దారం మీరెక్కిస్తారా?" అంది. స్కూలు పిల్లల చొక్కాలు అరవై, రేపు కాక పై సోమవారానికి ఇవ్వాలట. తెర వెలుగు పెంచి చూశాను. ఆటగాళ్లందరికీ సున్నం వేసినట్టయింది. కిటికీ మాత్రం చెక్కుచెదరలేదు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కానీ అప్పటికే ఆఫీసులో ముగ్గురు మిత్రుల్ని వచ్చే ఆదివారం ఫైనల్ చూడ్డానికి రమ్మన్నాను. "గ్రౌండులో కూర్చున్నట్టే ఉంటుంది," అని కూడా అన్నాను. ఇక మిగిలింది ఒకటే దారి. మిషన్ వెనక గదిలోకి పోవాలి, కిటికీ మూసుకోవాలి. ఆ మాట నేనంటే చెల్లదు. టీవీల సంగతి తెలిసినవాడెవడైనా అనాలి.

టీవీ షాపులో ఒక మెకానిక్ ఉన్నాడు. ఏం అడిగినా పైకీ కిందకీ చూసిగానీ జవాబివ్వడు. అందుకని నిదానంగారని పేరు పెట్టుకున్నాం. ఆయన్ని గురువారం సెలవు పెట్టి మరీ పిలిపించాను. వీధి మలుపులోనే పట్టుకుని, "వెలుతురు తెరకి మంచిది కాదు, మిషన్ లోపలికి మార్చాలి అని చెప్పండి చాలు," అన్నాను.

నిదానంగారు పైకీ కిందకీ చూశారు. "చూస్తేగానీ చెప్పలేను సార్," అన్నారు. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

ఇంట్లోకొచ్చి ఆవిణ్ణి అడిగారు, "అమ్మా, ఎవరెక్కడ కూర్చుని చూస్తారు?"

"ఆయన కుర్చీలో చూస్తారు. నేను మిషన్ దగ్గర వింటాను."

"చూడరా?"

"తలెత్తే తీరికుంటేగా."

ఆయన టీవీలో ఏదో పాత మ్యాచ్ పెట్టించి నా కుర్చీలో కూర్చున్నారు. "కాకి కనిపిస్తోంది," అన్నారు. గుమ్మంలో నిలబడ్డారు. వంటింటి తలుపు దగ్గర నిలబడ్డారు. నేల మీద కూర్చున్నారు. చివరికి ఆవిణ్ణి లేవమని, మిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుని అయిదు నిమిషాలు కదల్లేదు.

"సార్, ఇలా రండి."

వెళ్లి కూర్చున్నాను. కిటికీ లేదు. కాకి లేదు. గడ్డి పరకలు విడివిడిగా ఉన్నాయి. బంతి మీద కుట్లు కనిపిస్తున్నాయి.

"ఇంత బాగుంటుందా," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

నిదానంగారు జేబులోంచి పుస్తకం తీసి, పైకి చదువుకుంటూ రాశారు. "తెరలో దోషం లేదు. కిటికీలో దోషం లేదు. దోషం కుర్చీలో ఉంది."

నేను కళ్లతో సైగ చేశాను.

"సార్ కంట్లో నలుసు పడ్డట్టుందమ్మా," అన్నారాయన.

"ఆదివారం నుంచీ అంతేనండి," అంది మా ఆవిడ.

ఆయన చెప్పులు తొడుక్కుంటూ ఆగారు. "మిషన్ లోపలికి మార్చమని చెప్పమన్నారు సార్. చూస్తేగానీ చెప్పనన్నాను. చూశాను. అక్కర్లేదు." వెళ్లిపోయారు.

ఆవిడ దారం పళ్లతో తెంపింది. "అలాగా," అంది. ఇరవై రెండేళ్ల కాపరంలో నేను ఆ ఒక్క మాటకి భయపడ్డట్టు ఆఫీసు మెమోలకి కూడా భయపడలేదు. కానీ ఆవిడ కోప్పడలేదు.

"అయితే ఆదివారం మీరూ మీ స్నేహితులూ కిటికీ దగ్గరే కూర్చోండి. మిషన్ పక్కకి జరుపుతాను. చాప వేస్తాను."

"మరి నీ చొక్కాలు?"

"మిషన్ పని శనివారానికే అయిపోతుంది లెండి."

నా పథకం గెలిచిందనే అనుకున్నాను.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. నేను స్టూలు మీద, వాళ్లు చాప మీద కూర్చున్నాం. బొమ్మ నిజంగానే గ్రౌండులో ఉన్నట్టుంది. రెండో ఓవర్లో ఆవిడ మా మధ్య చొక్కాల గుట్ట పెట్టింది, దాని మీద ఒక డబ్బా.

"గుండీలే మిగిలాయి అన్నయ్యగారూ. వెలుతురు ఇక్కడే ఉంది, మీరూ ఇక్కడే ఉన్నారు. చొక్కాకి ఏడు," అని తలా ఒక సూది ఇచ్చింది.

ఆ ముగ్గురూ ఆడపడుచు మాట కాదనలేని మర్యాదస్తులు. నాకు ఆ సౌకర్యం కూడా లేదు. మొదటి వికెట్ పడ్డప్పుడు నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. రెండోది పడ్డప్పుడూ అదే చేస్తున్నాను.

ఆవిడ వెళ్లి నా వాలు కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంది. అక్కణ్ణుంచి మ్యాచ్ కనిపించదని నాకు తెలుసు. అయినా తెరకేసే చూస్తోంది. చాలాసేపు కన్నార్పకుండా చూసింది.

"ఏవండీ," అంది చివరికి, "చాప చివర కూర్చున్న అన్నయ్యగారు గుండీ వంకరగా కుడుతున్నారు. మీరు అయిదు నిమిషాలుగా చెయ్యి కదపలేదు. ఈ టీవీ మార్చకండి. ఇక్కణ్ణుంచి చాలా బాగా కనిపిస్తోంది."