పైపు పట్టా

ప్రపంచంలో గ్యాస్ పైపుకు పట్టా ఇచ్చిన మొదటి ప్రభుత్వం తమదేనని మంత్రిగారు మా ఊళ్లో ప్రకటించినప్పుడు నేను స్టేజీకి పది గజాల దూరంలో ఉన్నాను. మిగతా దేశాల ప్రభుత్వాల మీద నాకు ఆ క్షణంలో జాలి కలిగింది.

నాది మున్సిపల్ ఆఫీసు ఎదురుగా డీటీపీ, జెరాక్స్ షాపు. ఎర్రగుంట్లకు గంట దూరంలో ఉన్న మా ఊళ్లో ప్రభుత్వం ఎవరికి ఏ మేలు చేసినా ముందు నా కంప్యూటర్లోంచి బయటికి రావాలి. అందుకే 2006లో జరిగిన ఈ ఘనకార్యం పూర్వాపరాలన్నీ నాకు తెలుసు.

అంతకు ముందు ఏడాది చేనేత కాలనీకి పైపు గ్యాస్ పెట్టారు. కాలనీ మొదట్లో ఒక షెడ్డు, షెడ్డులో వరసగా పెద్ద సిలిండర్లు, అక్కణ్ణుంచి ఇంటింటికీ పైపులు. పని చేసిన కాంట్రాక్టరు మంత్రిగారి బామ్మర్ది. దీన్ని బంధుప్రీతి అనడానికి వీల్లేదు. ఆ పైపులు చూస్తే ఆయనకు ఎవరి మీదా ప్రీతి లేదని తెలిసిపోతుంది. ఆర్నెల్లు తిరక్కుండా పదకొండు ఇళ్లలో లీకులు మొదలయ్యాయి. బాగు చేయాల్సింది మున్సిపాలిటీ అన్నారు కాలనీవాళ్లు. కాంట్రాక్టరు చేయాలంది మున్సిపాలిటీ. ఇళ్ల లోపల నాకేం పనన్నాడు కాంట్రాక్టరు.

ఈ చిక్కు విడిపోయిన రోజు నేను జెరాక్సులు ఇవ్వడానికి కమిషనర్ వేణుగోపాల్‌గారి గదికి వెళ్లాను. మంత్రిగారు కాఫీ తాగుతున్నారు.

"ప్రహరీ లోపలి పైపు బాధ్యత ఇంటివాళ్లదేనని ఒక సర్క్యులర్ ఇచ్చేద్దాం సార్" అన్నారు కమిషనర్‌గారు.

"బాధ్యత అంటే జనం బెదిరిపోతారప్పా. హక్కు అను. ఇంటింటికీ పైపు పట్టా ఇద్దాం. పట్టా ఇస్తామంటే వద్దన్నోడు ఈ జిల్లాలో ఇంకా పుట్టల్యా" అన్నారు మంత్రిగారు.

పరిపాలన అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

పట్టా నమూనా కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది. పేదలకు బంజరు భూమి పంచినప్పటి పట్టా నా కంప్యూటర్లో అలాగే ఉంది. "భూమి అని ఉన్నచోటల్లా పైపు అని కొట్టు" అన్నారు కమిషనర్‌గారు. కొట్టాను. పట్టా అన్నాక నాలుగు హద్దులుండాలి కాబట్టి సర్వేయరు సుంకప్ప గొలుసు పట్టుకుని రెండు రోజులు కాలనీ అంతా కొలిచాడు. లీకులున్న ఆ పదకొండు ఇళ్లలో ఒకటైన ప్రమీలమ్మ ఇంటి పైపు హద్దులు నాకింకా గుర్తున్నాయి. తూర్పున మగ్గం గది, పడమర కోళ్ల గూడు, ఉత్తరాన పక్కింటి ఓబులేష్ బాత్‌రూమ్ గోడ, దక్షిణాన సదరు ప్రమీలమ్మ పడక గది. విస్తీర్ణం దగ్గర 'సెంట్లు' అన్న మాట తీసేయడం మరిచిపోయాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

సభలో మొదటి పట్టా ప్రమీలమ్మకే అందింది. ఫొటో అయ్యాక ఆమె మైకు వదల్లేదు.

"శానా సంతోషం సారూ. మా హరిత పురుటికొచ్చిండాది. బిడ్డకు తొమ్మిది దినాలు. తల్లీబిడ్డా పండుకునే గదిలోకే గ్యాసు వాసనొస్తాండాది. బిడ్డకు నీళ్లు కాంచల్లన్నా పొయ్యి ముట్టించేదానికి భయమైతాండాది. ఎవురొచ్చి బాగు చేస్తారో చెప్పండి సారూ."

మంత్రిగారు చల్లగా నవ్వారు. "అమ్మా, నిన్నటిదాకా అది ప్రభుత్వం లీకు. ఈ పొద్దు నుంచి నీ సొంత లీకు. నీ లీకు మీద ఇంక ఎవరి పెత్తనమూ ఉండదు!"

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున్నే ప్రమీలమ్మ కమిషనర్‌గారి ముందు నిలబడింది.

"బాగు చేయించుకో తల్లీ. ఓనరువి నువ్వే కదా" అన్నారాయన.

"ప్లంబర్ని పిలిస్తే లైసెన్సు లేదు, రానంటాడు సార్."

"లైసెన్సు కాంట్రాక్టరు ఒక్కడికే ఉంది."

"ఆయప్పనడిగితే ప్రైవేటు పైపు ముట్టనంటాండాడు."

"చట్టాన్ని గౌరవించే మనిషి" అన్నారు కమిషనర్‌గారు.

"పోనీ పక్కింట్లో పండుకోబెడదామంటే పురుటి మైల తీరల్యా, ఎవురూ రానీరు. మైల తీరినట్లు ఒక కాగితమన్నా ఇయ్యండి సార్."

"అది మా డిపార్ట్‌మెంటు కాదు."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే నాకు నిజంగానే బాధ వేసింది. పట్టా మీద మంత్రిగారి సంతకం మాత్రం చాలా అందంగా వచ్చింది.

అప్పటికి పట్టాను పూర్తిగా చదివిన ఏకైక వ్యక్తి ఓబులేష్. ప్రమీలమ్మ పెరట్లో మున్సిపాలిటీ సీలు వేసిన వాల్వు ఒకటి ఉంది. "అక్కా, సర్వహక్కులూ నీయేనని రాసుండారు. సీలు తీసి వాల్వు తిప్పితే అడిగేటోడెవుడు?" అన్నాడు.

ఆమె తిప్పేసింది. వాసన ఆగింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి కట్టెలతో నీళ్లు కాచి బిడ్డకు పోసింది. హరిత బిడ్డను పక్కలో వేసుకుని ఇన్నాళ్లకు కంటినిండా నిద్రపోయింది.

అయితే ఆ పైపు ప్రమీలమ్మ పెరటితో ఆగిపోలేదు. వెనకవైపు ఉన్న మున్సిపల్ గెస్ట్‌హౌస్‌కు కూడా గ్యాస్ దాంట్లోంచే పోతుంది. ఆ మధ్యాహ్నం అక్కడ మంత్రిగారి కోసం నాటుకోడి ఉడుకుతోంది. కోడి సగం ఉడికాక పొయ్యి ఆరిపోయింది.

పదకొండు ఫిర్యాదులకు రాని జీపు పది నిమిషాల్లో వచ్చింది.

"ఎవరు ఆపమన్నారు?" అన్నారు కమిషనర్‌గారు.

"నా పైపు సార్. నేనే ఆపుకున్యా" అంది ప్రమీలమ్మ.

ఆయన ఆమె చేతిలోని పట్టా తీసుకుని, సుంకప్పను వెంటబెట్టుకుని నా షాపుకొచ్చి, కుర్చీలో కూలబడి మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు. ఏడో షరతు దగ్గర ఆయన ముఖం వెలిగింది.

'పట్టాదారు సదరు పైపును స్వయముగా సాగు చేయవలెను. బీడు పెట్టినచో పట్టా రద్దగును.'

భూమి పట్టాలోని షరతే. భూమిని నేను పైపు చేసినప్పుడు అదీ వెంట వచ్చేసింది.

"వాల్వు కట్టేయడమంటే పైపును బీడు పెట్టడమే కదా?" అన్నారు కమిషనర్‌గారు. నేను అవునన్నాను. సుంకప్ప పెరట్లోకి వెళ్లి పంచనామా రాశాడు: 'పైపులో ఎటువంటి పంటా కనిపించలేదు.'

పట్టా రద్దయింది. వాల్వు తెరుచుకుంది. కోడి ఉడికింది.

అందరికన్నా ఎక్కువ సంతోషించింది ప్రమీలమ్మే. "మంచి పని చేసినారు సార్. పైపు మీదైపోయింది కాబట్టి లీకూ మీదే. ఈ పొద్దే బాగు చేయించండి" అంది.

కమిషనర్‌గారు పెరట్లోంచి ఆమె పడక గది గోడకేసి చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"సుంకప్పా, ప్రభుత్వ పైపుకు అటూ ఇటూ ఎంత జాగా వదలాలి?"

"ఆరడుగులు సార్."

"ఈమె గది ఎంత దూరంలో ఉంది?"

"రెండడుగులుండాది సార్."

"అయితే ఆక్రమణ."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి జేసీబీ వచ్చింది. హరిత బిడ్డను తువ్వాల్లో చుట్టుకుని, ఓబులేష్ ఇంటి అరుగు నీడలో, అరుగు ఎక్కకుండా కింద కూర్చుంది. గది పావుగంటలో నేలమట్టమైంది. పైపు మీద మాత్రం గీత కూడా పడలేదు. డ్రైవరు పనితనాన్ని నేను మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

పది గంటలకు పత్రికా ప్రకటన నేనే టైపు చేశాను.

'చేనేత కాలనీలో ఒక గదిలోకి గ్యాస్ వచ్చుచున్నదన్న ఫిర్యాదు శాశ్వతముగా పరిష్కరించడమైనది. ప్రస్తుతము అక్కడ గది లేదు. మిగిలిన పది ఫిర్యాదులను ఇదే పద్ధతిలో పరిష్కరించు నిమిత్తము జేసీబీ మరి రెండు రోజులు పట్టణములోనే ఉండును.'

మధ్యాహ్నానికల్లా ఆ పది ఇళ్లవాళ్లూ నా షాపు ముందు వరసకట్టారు. అందరిదీ ఒకటే అర్జీ. 'మా ఇంట్లో ఏ వాసనా రావడం లేదు.' నేను ఒకసారి కొట్టి, పేర్లు మార్చి పది తీశాను. లీకులు లేని తొలి కాలనీ మాదేనని సాయంత్రం మంత్రిగారు ప్రకటించారు.

షాపు కట్టేయబోతుంటే ప్రమీలమ్మ వచ్చింది. తల నిండా సున్నం దుమ్ము.

"నాకూ ఒకటి కొట్టప్పా" అంది.

"నీకెందుకమ్మా? నీ ఫిర్యాదు పరిష్కారమైపోయింది. గదే లేదు కదా."

"బిడ్డను వంటింట్లో పండుకోబెట్టినాం" అంది. "ఆ గదికి కొట్టు."