ఎవరూ నమ్మని రాజీనామా

ఆ రోజు పొద్దున్న బిల్లుల గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే. మొదటి టీ రాకముందే రాజీనామా మెయిల్ పంపేయాలి. బిల్లులు చూసీ చూసీ కళ్లు, మేనేజరు మాటలు వినీ వినీ చెవులు అరిగిపోయాయి. బావమరిది మొక్కల నర్సరీకి ఒక నమ్మకమైన మనిషి కావాలట. "సాయంత్రంలోగా ఏ సంగతీ తేల్చు బావా, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటా" అని కూడా అన్నాడు. మొక్కలు కనీసం "అర్జంట్" అనవు కదా అనుకుంటూ గుమాస్తా నర్సరీ సంగతి కూడా వివరంగా రాసి మెయిల్ కొట్టాడు. ప్రాణం తేలికపడింది. ఆ సంబరంలో స్క్రీన్‌కి లాక్ వేయకుండానే మంచినీళ్లకు వెళ్లాడు.

అదే కొంప ముంచింది. ఆ ఆఫీసులో కంప్యూటర్ల భద్రత చూసే ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. ఎవరైనా స్క్రీన్ తెరిచిపెట్టి వెళితే, పక్క సీటువాళ్లు ఆ కంప్యూటర్ నుంచే ఓ ఆకతాయి మెయిల్ పంపి బుద్ధి చెప్పాలని ఆయన నియమం పెట్టాడు. స్టోర్‌కీపరు అలాగే ఆఫీసు మొత్తానికి టీ ఇప్పించాల్సి వచ్చింది. క్యాషియరమ్మ నాట్యం నేర్చుకోబోతున్నట్టు తనకే తెలియకుండా ప్రకటించింది.

గుమాస్తా తిరిగొచ్చేసరికి మేనేజరు అతని సీటు దగ్గర నిలబడి, తెరిచి ఉన్న స్క్రీన్‌ని చూసి పడీపడీ నవ్వుతున్నాడు.

"దొరికిపోయావయ్యా! రాజీనామా అట! ఎవరు రాశారోగానీ భలే రాశారు."

"నేనే రాశాను సార్."

"చూశారా, పక్కవాళ్లని ఎలా వెనకేసుకొస్తున్నాడో!"

ఇంకోసారి పంపుదామని కూర్చోబోతే, దర్యాప్తు అయ్యేదాకా ముట్టుకోవద్దంటూ తాళాలాయన అకౌంటు మూసేశాడు. గుమాస్తా ఒళ్లు మండి కాగితం మీద రాసి, సంతకం పెట్టి మేనేజరుకిచ్చాడు.

"చెయ్యి వణుకుతోంది చూడు! నిన్నెవరో బెదిరించి రాయిస్తున్నారు" అంటూ మేనేజరు ఆ కాగితాన్ని కూడా దర్యాప్తు కోసం తాళాలాయనకే అప్పగించాడు.

"పోనీ ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడనే అడగండి సార్."

మేనేజరు అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. "అమ్మా, మీ ఆయన ఆఫీసు మేనేజర్ని. ఆయన ఉద్యోగం మానేస్తానన్నారా?"

ఆఫీసు పేరు చెప్పి ఎవరు ఫోన్ చేసినా ఇంటి సంగతులు చెప్పొద్దని భార్యకు నూరిపోసింది గుమాస్తానే.

"మా ఆయనకి ఆఫీసంటే ప్రాణం. మీలాంటి మోసగాళ్లని చాలామందిని చూశాం, పెట్టేయ్ ఫోను!"

మొదటి మాటకే మేనేజరు కళ్లు చెమర్చాయి. రెండోది ఆయన చెవికెక్కలేదు.

గుమాస్తా కుర్చీలో కూలబడ్డాడు. వాదించే ఓపిక ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు ఏడుపొచ్చింది. అది చూసి మేనేజరు తాళాలాయన మీద విరుచుకుపడ్డాడు. "నీ దిక్కుమాలిన నియమం వల్ల బంగారంలాంటి మనిషిని ఏడిపించారు!"

"అయితే నేనే మానేస్తా."

"పో!"

తాళాలాయన మధ్యాహ్నానికే వెళ్లిపోయాడు. అతని పని కూడా గుమాస్తా నెత్తినే పడింది. జీతం మాత్రం పాతదే.

సాయంత్రం గుమాస్తా ఈసురోమంటూ బావమరిదికి ఫోన్ చేశాడు. "ఒక్కరోజు ఆగరా, రేపు ఎలాగైనా..."

"ఆగడమేంటి బావా? నువ్వు పంపిన మనిషి పనిలో చేరిపోయాడుగా!"

"నేనెవర్ని పంపాను?"

"అదే, మీ ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడట. నీకు వీలుకాక తనని పంపావన్నాడు. గుర్తుగా నీ సంతకమున్న రాజీనామా కాగితం కూడా చూపించాడు. పాపం, వచ్చినప్పటి నుంచీ మొక్కలకి నీళ్లు పడుతూనే ఉన్నాడు."

గుమాస్తా ఫోన్ పెట్టేశాడు. ఆఫీసు మొత్తంలో అతని రాజీనామాను నమ్మినవాడు తాళాలాయన ఒక్కడే.