మూడో బ్యాటరీ

జీపుకి ఒక బ్యాటరీ చాలదు, రెండు కావాలని మొగుడు అన్న రోజే టైలరమ్మ గుండెల్లో రాయి పడింది. అప్పటిదాకా ఉన్న ఒక్క బ్యాటరీకే ఆవిడ ఇంకా సరిగ్గా భయపడి పూర్తిచేయలేదు. ఇప్పుడు రెండింటికీ కలిపి భయపడాలి.

ఆవిడ భయాలకి ఇంట్లోవాళ్లు అలవాటు పడ్డారు. పాలు పొంగితే ఇల్లు తగలబడ్డట్టే. ఫోను మోగితే ఎవరికో ఏదో అయినట్టే, మోగకపోతే ఖాయంగా అయినట్టే.

మొగుణ్ణి వీధిలో అందరూ మీటరాయన అంటారు. ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివే ఉద్యోగం. ఇరవై ఏళ్లలో ఒక్క అంకె తప్పు రాయలేదు. ఒకసారి మాత్రం ఎనిమిది నెలలపాటు ఓ ఖాళీ ఇంటి మీటరు చదివొచ్చి, "ఆ ఇంటివాళ్లకున్న పొదుపు ఎవరికీ లేదండీ" అని ఆఫీసులో మెచ్చుకున్నాడు. ఆ సంగతి టైలరమ్మ మరిచిపోలేదు, ఆయన్ని మరిచిపోనివ్వలేదు.

అసలు ఈ రెండో బ్యాటరీ గొడవంతా అమ్మాయి కోసం. పదిహేడేళ్లది. తొమ్మిదో ఏటి నుంచీ రోజూ ఇన్సులిన్ సూది పొడుచుకుంటోంది. ఆ మందు చల్లగా ఉండాలి. అందుకే స్నేహితురాళ్లు ఎక్కడికి వెళ్లినా ఈ పిల్ల మాత్రం సాయంత్రానికి ఇంటికి చేరాల్సిందే. ఈసారి తండ్రి మాటిచ్చేశాడు. మూడు రోజులు, రాళ్ల దారిలో, కొండల అవతల, కరెంటు స్తంభం కనబడని చోటికి. పాత జీపులో మందు కోసం చిన్న ఫ్రిజ్ పెట్టె పెడతాడట. ఆ ఫ్రిజ్‌కి రెండో బ్యాటరీ అట.

ప్లాను గీయడానికి ఆయనకి కాగితం దొరకలేదు. టైలరమ్మ బల్ల మీద పరిచిన ఎవరిదో కోటు గుడ్డ దొరికింది. మార్కింగు సుద్దతో దాని మీదే గీసేశాడు.

"ఇది పాత బ్యాటరీ. ఇంజన్ స్టార్ట్ చేయడానికే. ఇది కొత్తది. ఫ్రిజ్‌కి మాత్రమే. ఫ్రిజ్ ఎంత తాగినా మొదటిదాని జోలికి రాదు."

"ఎందుకు రాదు?"

"మధ్యలో ఈ చిన్న పెట్టె ఉంది చూశావా, వాచ్‌మన్ అనుకో. ఇంజన్ తిరిగేటప్పుడు గేటు తీసి రెండో బ్యాటరీకి కరెంటు పోనిస్తాడు. ఇంజన్ ఆగితే గేటు మూసేస్తాడు."

"వాచ్‌మన్ నిద్రపోతే?"

"ఏం కాదులే."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన దగ్గర ఉన్న మందు ఈ ఒక్క మాటే. అన్ని జబ్బులకీ అదే పోస్తాడు.

"సరే, ఒక బ్యాటరీ పోయింది..."

"రెండోది ఉంటుంది."

"రెండోదీ పోయింది..."

మీటరాయన సుద్ద కింద పెట్టాడు. "నువ్వు నా భార్యవా, ఆ బ్యాటరీకి దిష్టివా?"

"నేను దాని తల్లిని," అంది టైలరమ్మ. బ్యాటరీకి కాదని ఇద్దరికీ తెలుసు.

చివరికి అమ్మాయే మధ్యవర్తిత్వం చేసింది. ఆదివారం ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఇంటి ముందే పరీక్ష. ఇంజన్ తిప్పకూడదు, ఫ్రిజ్ ఆపకూడదు. రెండో బ్యాటరీ నిలబడితే ప్రయాణం, పడుకుంటే రద్దు. ముగ్గురూ ఒప్పుకున్నారు. టైలరమ్మ మరీ త్వరగా ఒప్పుకుంది. అక్కడే తండ్రికి అనుమానం రావాల్సింది. రాలేదు. కూతురికి వచ్చింది.

ఆదివారం ఏడింటికి మీటరాయన ఫ్రిజ్ పెట్టె మూసి, తన ఉద్యోగ ధర్మం ప్రకారం తీగ చుట్టి, సీసపు సీలు వేశాడు. "ఇక సాయంత్రం దాకా తెరవడానికి లేదు. తెరిస్తే పరీక్ష చెల్లదు." తర్వాత బానెట్ ఎత్తి, దాని ముందు కుర్చీ వేసుకుని, పావుగంటకోసారి మీటరు ముళ్లు రెండో బ్యాటరీకి తగిలించి, చూసిన అంకె పుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నాడు.

పదిన్నరకి స్నానానికి లేచాడు. టైలరమ్మ కాచుకుని ఉంది. రెండో బ్యాటరీ పక్కన, ఫ్రిజ్‌కి పోయే తీగ మీద, వేలిగోరంత ఎర్ర ఫ్యూజు. అది పీకితే ఫ్రిజ్ ఆగుతుందని ఆయనే గొప్పగా చూపించాడు. పీకింది. లోపలికెళ్లి బొత్తాల డబ్బాలో పడేసింది. ఇక ఫ్రిజ్ ఆగిపోతుంది, ఈయన చూస్తాడు, ప్రయాణం ఆగిపోతుంది. పిల్ల ఇంట్లో ఉంటుంది, ప్రాణాలతో ఉంటుంది.

పదకొండింటికి పాల కోసం వంటింటి ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలో ఎప్పుడూ ఉండే ఇన్సులిన్ పెన్నులు లేవు.

"అమ్మడూ, నీ మందేదే?"

"జీపు పెట్టెలో పెట్టానమ్మా," అంది అమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండా. "పరీక్ష అంటే నిజం మందుతోనే కదా పెట్టాలి."

టైలరమ్మ ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నెల రోజుల మందు. ఆగిపోయిన పెట్టెలో. ఎండలో. పైన సీలు. ఆదివారం, మందుల షాపు మూత.

బొత్తాల డబ్బా బల్ల మీద బోర్లించింది. వేల బొత్తాలు, అందులో సగం ఎర్రవి. ఆ మధ్య ఓ బడి యూనిఫారాలు కుట్టిన పుణ్యం. చేతికి తగిలింది పట్టుకుని పరిగెత్తింది. మీటరాయన చెయ్యి కడుక్కోవడానికి లేచిన ఒక్క నిమిషంలో బానెట్ కిందికి వంగి చూసుకుంటే, చేతిలో ఉన్నది నాలుగు కన్నాల బొత్తాం.

"ఏంటి, బ్యాటరీకి చొక్కా కుడతావా?" వెనక నుంచి ఆయన.

"దుమ్ము పడిందేమోనని చూస్తున్నా."

"ఏం కాదులే. పన్నెండు పాయింట్ ఏడు వోల్టులు."

ఇక ఆయన కుర్చీ వదల్లేదు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. టైలరమ్మకి మిగిలింది జీపు వెనక భాగం ఒక్కటే. ఓ దుప్పటి తడిపి, వెనక తలుపు తీసి పెట్టె మీద కప్పింది. దాని మీద ఐసు సంచీ. అది కరిగితే ఇంకోటి. బట్టలారేసే తీగ జీపు వెనకే ఉండటం కలిసొచ్చింది.

"పొద్దుట్నుంచీ అదే దుప్పటి ఉతుకుతున్నావేంటి?" అన్నాడు ఒంటిగంటకి.

"మరక పోవట్లేదు."

"ఏం మరక?"

"నాదే," అంది టైలరమ్మ, బకెట్టు ఎత్తుకుంటూ.

అమ్మాయి వరండా మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. తల్లి అటూ ఇటూ పోయినప్పుడల్లా ఓసారి తలెత్తి, మళ్లీ దించుకుంటోంది. ఆ చూపు తప్పించుకుని టైలరమ్మ మళ్లీ ఐసుకి పోయింది. లోపల మందు ఎలా ఉందో తెలియదు. వేడెక్కిపోయిందా? ఐసు ఎక్కువై గడ్డ కట్టిందా? గడ్డ కట్టినా పారేయాల్సిందే. రేపు పొద్దున్న పిల్ల ఏం పొడుచుకుంటుంది? తన భయాల్లో ఇన్నేళ్లకి ఒకటి నిజమైంది, అది తన చేత్తోనే అయింది.

మూడింటికి మీటరాయన పుస్తకం పట్టుకుని లేచాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇద్దరూ వినండి. పొద్దున కాస్త దిగి, పదిన్నరకి పన్నెండు పాయింట్ ఏడు దగ్గర ఆగింది. ఇప్పుడు పన్నెండు పాయింట్ ఏడు. నాలుగున్నర గంటల్లో వెంట్రుకవాసి దిగలేదు. ఇది బ్యాటరీ కాదు, బావి. మూడు రోజులేంటి, ఆరు రోజులు వెళ్దాం. దారికని నువ్వు సర్దిన ఐసు డబ్బా కూడా దండగ, తీసి పక్కన పెట్టేయ్."

టైలరమ్మ బకెట్టు కింద పెట్టింది. తను నోరు మూసుకుంటే ప్రయాణం ఆగదు, రెట్టింపవుతుంది. ఈ మనిషి ఆ అంకెని నమ్మి, ఐసు కూడా లేకుండా పిల్లని కొండల్లోకి తీసుకెళ్తాడు.

"ఏమండీ, ఆ అంకె నమ్మకండి."

"మీటరు అబద్ధం చెప్పదోయ్."

"మీటరు చెప్పదు. నీళ్లొస్తున్నాయో లేదో మీరు చూడరు." తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. "ఫ్యూజు పీకేశాను. పదిన్నరకి. ఫ్రిజ్ అప్పట్నుంచీ ఆగే ఉంది. మీ బ్యాటరీ ఏ పనీ చేయకుండా కూర్చుంది, మరి ఎందుకు దిగుతుంది?"

మీటరాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని పుస్తకంలోకి చూశాడు.

"అంటే ఇదంతా..."

"ఖాళీ ఇంటి మీటరు," అంది అమ్మాయి మెట్ల మీద నుంచి.

టైలరమ్మకి నవ్వే ఓపిక లేదు. "సీలు తెంపండి ముందు. దాని మందంతా అందులో ఉంది."

మీటరాయన తీగ తెంపాడు. జీవితంలో తన సీలు తనే తెంపడం అదే మొదటిసారి. మూత ఎత్తారు. లోపల పెన్నులు వరసగా ఉన్నాయి. టైలరమ్మ ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూసింది. ఖాళీది. ఇంకోటి, అదీ ఖాళీదే. అన్నీ వాడేసినవి. వాటి మధ్య రూపాయి బిళ్లంత థర్మామీటరు.

"అసలు మందు వంటింట్లోనే ఉందమ్మా, కూరగాయల అరలో, కవర్లో. నువ్వు ఏదో ఒకటి చేస్తావని తెలుసు. ఆ బిళ్ల లోపలి వేడి ఎంతో నా ఫోనుకి చెబుతూనే ఉంది. పదిన్నర దాటగానే ఎక్కడం మొదలైంది. నాన్న బ్యాటరీని చూస్తున్నాడు, నేను నిన్ను చూస్తున్నా."

"నన్ను నాలుగు గంటలు చంపావు కదే."

"ఎప్పుడు చెబుతావా అని చూశా. చెప్పావు." పిల్ల దగ్గరికొచ్చి ఫోను చూపించింది. "ఇది చూడు. ఈ ఎండలో, కరెంటు లేకుండా పెట్టె పది డిగ్రీలు దాటలేదు. నీ దుప్పటి పుణ్యమే. రెండో బ్యాటరీ కూడా పోతే ఏంటని అడిగావు కదా. పోతే మూడోది ఉంది. అది వస్తేనే నేనూ వెళ్తా."

"మూడోది ఎక్కడుందే?" అన్నాడు మీటరాయన బానెట్ వైపు చూస్తూ.

అమ్మాయి తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

పై ఆదివారం పరీక్ష మళ్లీ జరిగింది. ఈసారి మీటరాయన మీటరుతో పాటు పెట్టెకి చెవి ఆనించి కూడా విన్నాడు. టైలరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రెండో బ్యాటరీ పన్నెండు పాయింట్ ఎనిమిది నుంచి పన్నెండు పాయింట్ మూడుకి దిగి అక్కడ నిలబడింది. జీపు ఒక్క తాళానికే లేచింది.

అసలు ప్రయాణమే ఆపాలని చూసిన మనిషి, బయల్దేరే రోజు అందరికంటే ముందే ఎక్కి, వెనక సీట్లో పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. పక్కన ఐసు డబ్బా, తడి దుప్పటి. పైట అంచుకి చిన్న జేబులు కుట్టుకుని, ఒక్కో జేబులో ఒక్కో ఎర్ర ఫ్యూజు పెట్టుకుంది.

మీటరాయన అద్దంలో లెక్కపెట్టాడు. "ఆరా? సరే, ఆరూ పోతే?"

"ఏం కాదులెండి," అంది టైలరమ్మ. "పోనివ్వండి."

తాళం తిప్పబోయిన చెయ్యి ఆగింది. తండ్రీ కూతుళ్లిద్దరూ వెనక్కి తిరిగి చూశారు.

టైలరమ్మ కిటికీ బయటికి చూస్తూ, ఆ మాట అన్నది తను కానట్టే దుప్పటి సర్దుకుంది.