శత్రువు తాగిన మూడు చెరువులు

దేశంలో నీటి ఎద్దడికి కారణం కనుక్కున్నామని జలమంత్రిగారు పొద్దున్నే ప్రకటించారు. వానలు కారణం కాదు. పగిలిన గొట్టాలు కారణం కాదు. తమ శాఖ అయితే అసలే కాదు. వెనకటి యుద్ధంలో పక్కదేశం వాళ్లు మన నీళ్లు తాగేసి వెళ్లిపోయారు. అదీ కారణం.

ఆధారం లేకుండా నోరు విప్పే మనిషి కాదాయన. ఏదో అటక మీద దొరికిన యుద్ధంనాటి పేపరు పైకెత్తి విలేకరులకి చూపించారు. కాగితం పండుటాకులా ఉన్నా అక్షరాలు మాత్రం బొద్దింకలంతేసి ఉన్నాయి: ‘శత్రువులకు మూడు చెరువుల నీళ్లు తాగించిన మన వీరులు!’

“తాగించడం మన మర్యాద. తాగినవి తిరిగివ్వకపోవడం వాళ్ల అమర్యాద” అన్నారు మంత్రిగారు. విలేకరులు చప్పట్లు కొట్టారు. ఆ గది చల్లగా ఉంది మరి.

ఈ ప్రకటన రేడియోలో విని, నీళ్లు లేక పొడిగా గడ్డం గీసుకుంటున్న హెడ్డింగుల తాత చెంప కోసుకున్నాడు. యుద్ధం రోజుల్లో ఆ పేపర్లో వార్తలకి తలకట్లు పెట్టిన కుర్ర సబ్ ఎడిటర్ ఆయనే. ఆ తలకట్టూ ఆయనదే.

“ఏమేవ్! నా హెడ్డింగు మంత్రిగారి చేతిలో పడిందే!”

“పడితే పడింది. కుళాయిలో ఏమన్నా పడుతోందేమో వచ్చి చూడండి” అంది భార్య వీధిలోంచి. అక్కడ ఖాళీ బిందెలు వరస కట్టి ఉన్నాయి. వేసవి మొదలైన దగ్గర్నుంచీ కుళాయి తిప్పితే గాలే వస్తోంది. అదీ వేడిగాలి.

ఆ హెడ్డింగు ఎవరిదో శాఖవాళ్లు ఆరా తీశారు. మధ్యాహ్నానికి జీపొచ్చి తాతని మంత్రిగారి గదిలో దింపింది. మంత్రిగారు లేచి నిలబడి మరీ నమస్కారం పెట్టారు. దేశంలో మిగిలిన ఏకైక ప్రత్యక్ష సాక్షి అంటే మాటలా!

“పెద్దాయనా, వాళ్లు తాగడం మీ కళ్లారా చూశారా?”

“ఎవరూ తాగలేదు బాబూ. అది ఉత్త నుడికారం.”

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. కార్యదర్శి వైపు తిరిగి, “విన్నావటయ్యా? కారం తిన్నారు! అందుకే అన్ని నీళ్లు పట్టాయి!” అన్నారు.

“నుడికారం అంటే తినేది కాదు బాబూ. మాట తీరు. బాగా తిప్పలు పెట్టారని చెప్పడానికి…”

“ఏ కారమైతేనేం పెద్దాయనా, దాహం దాహమే. చూశానని ఒక్క ముక్క రాసివ్వండి. మీ వీధికి నీళ్ల ట్యాంకరు పంపిస్తాను.”

తాత ఇంటికొచ్చి భార్యని సలహా అడిగాడు. “నా తెలుగు నేనే చెడగొట్టుకోమంటావా?” అని వాపోయాడు.

“మూడేం ఖర్మ, ముప్పై తాగారని రాసివ్వండి” అంది ఆవిడ. “మీ తెలుగుతో గిన్నెలు తోముకుంటామా? మీరు స్నానం చేసి ఎన్నాళ్లయిందో మీకు తెలీకపోవచ్చు. పక్కన పడుకునేదాన్ని, నాకు తెలుసు.”

తాత రాసిచ్చాడు. ట్యాంకరు రాలేదు. అడిగితే, “పక్కదేశం నీళ్లిచ్చాక మొదటి ట్యాంకరు మీదే” అన్నాడు కార్యదర్శి.

తాగిన నీళ్లు తిరిగిమ్మంటూ నోటీసు సరిహద్దు దాటింది. పక్కదేశం వాళ్లు వెంటనే జవాబిచ్చారు: ‘తాగిన మాట నిజమే. కానీ ఆ నీళ్లు ఆ రోజే మీ పొదల చాటున మీకు తిరిగి అప్పగించాం.’ మన మంత్రిగారు తొణకలేదు. ‘రసీదు చూపండి’ అని రాయించారు. ఆ రాజనీతికి అవతలివాళ్ల దగ్గర రసీదు లేకపోయింది.

కానీ వాళ్లకీ యుద్ధం జరిగింది, వాళ్లకీ పేపర్లున్నాయి. ‘శత్రువుల చేత మట్టి కరిపించాం’ అన్న తలకట్టు వాళ్ల అటక మీద దొరికింది. మా మట్టి మాకిస్తే మీ నీళ్లు మీకిస్తామన్నారు.

“మట్టేనా!” అని మంత్రిగారు బల్ల చరిచి నవ్వారు. ఒప్పందం మీద సంతకాలైపోయాయి. మట్టి లారీలు అటు వెళ్లాయి. పేపర్లన్నీ మంత్రిగారిని భగీరథుడన్నాయి. ఆ భగీరథుడు తెచ్చింది ఒక గంగనే, మన మంత్రిగారు మూడు చెరువులు తెస్తున్నారని ఒక పేపరు చిన్న సవరణ కూడా వేసింది.

నీళ్లొచ్చే రోజున జలశాఖ భవనం ముందు వేదిక కట్టారు. తాత వీధి వీధంతా బిందెలతో దిగింది. మొదటి ట్యాంకరు మాదేనంటూ తాత భార్య అందరికంటే ముందు నిలబడింది. చెప్పినట్టే పక్కదేశం ట్యాంకర్లు కారుకుంటూ వచ్చి ఆగాయి. రోడ్డు మీద పడుతున్న ఒక్కో చుక్కనీ జనం కళ్లతోనే తాగుతున్నారు.

పక్కదేశం అధికారి దిగి దణ్ణం పెట్టాడు. “మంత్రిగారూ, చెరువులు చూపించండి. పోసేసి వెళ్తాం.”

“చెరువులా?” అన్నారు మంత్రిగారు.

“మూడు చెరువులు. ఒప్పందంలో మీరు పట్టుబట్టి రాయించిందే కదా, ఎక్కడివి అక్కడే పోయాలని.”

మంత్రిగారు కార్యదర్శి చెవి దగ్గరికి వంగారు. మైకు కట్టెయ్యడం ఎవరికీ తట్టలేదు.

“మొదటి చెరువు ఎక్కడయ్యా?”

“దాని మీద మీ బావమరిదిగారి సినిమా హాలు లేచింది సార్.”

“రెండోది?”

“మీ అమ్మాయిగారి కాలేజీ సార్.”

“ఆ మూడోదన్నా చూపించి చావు!”

“మనం నిలబడింది దాని మీదే సార్.”

మంత్రిగారు నోరు తెరిచారు. మూశారు. మళ్లీ తెరిచారు. వేదిక మీద ఇంకేమీ జరగలేదు.

“బాబూ, ఈ బిందెల్లో పొయ్యి నాయనా!” అని తాత భార్య అధికారికి అడ్డం పడింది.

“బిందె చెరువు కాదమ్మా. చెరువు కానిదాంట్లో పోస్తే నా ఉద్యోగం పోతుంది” అన్నాడతను, పాపం నిజంగానే బాధపడుతూ. ట్యాంకర్లు వచ్చిన దారినే వెనక్కి తిరిగాయి.

ఆ సాయంత్రం పేపరు ఎడిటర్ తాత ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. “మీరే ఈ కథకి సాక్షి. ఈ వార్తకి హెడ్డింగు మీ చేత్తోనే పడాలి మాస్టారూ!” తాత ఒక్క క్షణం ఆలోచించి రాసిచ్చాడు. చాలాకాలానికి కంటినిండా నిద్రపోయాడు.

తెల్లారి పేపరొచ్చింది. మొదటి పేజీలో అడ్డంగా బొద్దింకలంతేసి అక్షరాలు: ‘నీళ్లు నమిలిన జలమంత్రి!’

తాత అరుగు మీద కూర్చుని, ఎవరన్నా మెచ్చుకుంటారేమోనని చూస్తున్నాడు. కుళాయి దగ్గర ఆడవాళ్లంతా పేపరు మీద పడి చదివారు. తాత భార్య ఇంకోసారి కూడబలుక్కుని చదివి, పమిట బిగించి, బిందె చంకనెత్తుకుంది.

“నమిలాడనే రాశారర్రా. మింగాడని రాయలేదు. పదండి వాళ్లింటికి!”

“ఏమేవ్, ఆగు! అది నుడికారమే!” అని తాత అరుస్తూనే ఉన్నాడు. బిందెల చప్పుడులో ఎవరికీ వినపడలేదు.